ఖాళీ జాగా కాదది

పోయిన బతుకమ్మ పండక్కి, అంటే 2025 సెప్టెంబరులో, యెల్లారెడ్డి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. పొద్దున్నే మా అత్తమ్మ (మేనమామ భార్య) ఖాళీ సంచి పట్టుకుని బయల్దేరుతోంది. "ఎక్కడికత్తమ్మా ఇంత పొద్దుగాల?" అని అడిగాను.

"తంగేడు పువ్వుకు బిడ్డా. మూడు కిలోమీటర్లు నడవాలె. మునుపు మన గుట్ట కిందనే దొరుకుతుండె. మీరు చెట్లు పెట్టిన్రు గదా.. గప్పటిసంది లేదు" అంది.

తిట్టలేదు. కోపం కూడా ఏమీ లేదు. కరెంటు పోయింది, వాన పడింది అన్నంత మామూలుగా ఆ మాట అనేసి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ "మీరు"లో నేనూ ఉన్నాను. నేనే ముందున్నాను కూడా.

ఇప్పుడు రింగులు రింగులుగా ఫ్లాష్‌బ్యాక్ అన్నమాట :)

2023 జూలై. కామారెడ్డిలో ఇంటర్ దాకా కలిసి చదువుకున్న పదకొండు మందిమి. అందరం ఇంజనీర్లమే. ఎక్కువమంది హైదరాబాద్, ఇద్దరు బెంగళూరు, ఒకడు డాలస్. వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఉండే చర్చే: "మన ఊరికి ఏదైనా చెయ్యాలిరా". బడికి కంప్యూటర్లు అన్నారు, లైబ్రరీ అన్నారు. చివరికి చెట్లు నాటడం దగ్గర ఆగాం. కారణం చాలా సింపుల్. చెట్లకైతే ఎవరూ అడ్డు చెప్పరు. రెండు రోజుల్లో అయిపోతుంది. ఫొటోలు కూడా బాగా వస్తాయి.

జాగా ఎక్కడ అంటే మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గుట్ట కింద ఉన్న గైరాన్ చూపించారు. (గైరాన్ అంటే పశువులు మేసే ఊరుమ్మడి భూమి. మా దిక్కు ఇప్పటికీ ఆ మాటే వాడతాం.) మూడెకరాలుంటుంది. ముళ్ల పొదలు, ఎండిన గడ్డి, రాళ్లు. "ఖాళీగనే ఉంది, పెట్టుకోండి" అన్నారు. మాకూ ఖాళీగానే కనిపించింది. సగం రోజు జేసీబీ పెట్టి పొదలన్నీ పీకించాం. తాడు పట్టి వరసలు తీసి గుంతలు తవ్వించాం. నాలుగొందల మొక్కలు నాటాం: కానుగ, వేప, గుల్మొహర్, రావి, తొందరగా పెరుగుతాయని ఎవడో చెబితే కొన్ని కోనోకార్పస్. (అవి నాటొద్దని 2022లోనే ప్రభుత్వం చెప్పిందని మాకు తర్వాత తెలిసింది!) ఆకుపచ్చ టీషర్టులు, బ్యానరు, ఉప్మా, జిల్లా పేజీలో ఫొటో. అందరం తెగ మురిసిపోయాం.

తర్వాత కథ మీరు ఊహించగలరు. దసరా దాకా ట్యాంకరుతో నీళ్లు పోయించాం. ఒక కుర్రాడికి నెలకింత అని ఇచ్చాం. జనవరికి వాడు కామారెడ్డిలో పనికి కుదిరాడు. ఎండాకాలం బోరు అడుగంటింది. మనకేమో రిలీజులు, అప్రైజళ్లు. 2024 జూన్‌లో వెళ్లి లెక్కపెడితే బతికినవి ముప్పై ఒకటి. అందులో పంతొమ్మిది బోరింగు పక్కన ఉన్నవి. అంటే మా గొప్పేమీ లేదు, బోరింగుదే.

అప్పుడు కూడా నేను "ఫెయిల్యూర్ రేటు ఎక్కువ, వచ్చేసారి డ్రిప్ పెడదాం" అనే అనుకున్నాను. తప్పు నీళ్ల దగ్గర జరిగిందనుకున్నాను. తప్పు జేసీబీ దగ్గరే జరిగిందని తెలియడానికి ఇంకో సంవత్సరం పట్టింది.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డి టౌన్‌లో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఆలేరు వాగు మీద 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట మీంచి నీళ్లు పొర్లుతున్న వీడియో అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ముసలి కట్ట నిలబడింది. అదే వానలో మా ఊరి గుట్ట కింద ఏమైందో ఎవరూ వీడియో తియ్యలేదు. మేం పొదలు పీకిన మూడెకరాల్లో పైమట్టి చాలామటుకు జారి కింద కుంటలోకి పోయింది. మా గుంతల వరసలే నీళ్లకి కాలవలైపోయాయి. దాని పక్కనే, మేం ముట్టుకోని పొదల దగ్గర మట్టి ఎక్కడిదక్కడే ఉంది. మధ్యలో గీత గీసినట్టు తేడా. అలాంటి వానకి ఎక్కడైనా నష్టం జరుగుతుంది, కాదనను. కానీ ఆ గీత గీసింది వాన కాదు కదా.

నెల తిరక్కుండానే అత్తమ్మ సంచి పట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచింది.

పండగ తెల్లారి, ఆ గుట్ట దగ్గర గొర్లు కాసే తాతని పట్టుకున్నాను. డెబ్బై దాటి ఉంటాయి. "తాతా, మేం గుంతలు తవ్వకముందు ఇక్కడ ఏమేముండె?" అని అడిగాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "గిప్పుడు అడుగుతున్నవా పటేలా?" అన్నాడు. అని నవ్వాడు. ఆ తర్వాత రెండు గంటలు నాతో నడిచాడు. నేను ఫోన్లో టైపు చేసుకుంటూ వెనకాల.

తంగేడు. రేగు. పరికి. బలుసు. వాయిలి. మోదుగ. సీతాఫలం. నల్లతుమ్మ. గడ్డిలోనే ఆరు రకాలు, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఏది గొర్రె మొదట తింటుంది, ఏది ఎండాకాలం చివరిదాకా ఉంటుంది అన్నీ. తంగేడు పొద కింద కౌజు పిట్టలు గుడ్లు పెడతాయట. మేం పీకించింది జూలైలో కాబట్టి అప్పటికి కొన్నిట్లో పిల్లలు ఉండే ఉంటాయన్నాడు. రాళ్ల సందుల్లో ఉడుములు. పొదల్లో కుందేళ్లు, వాటి కోసం వచ్చే నక్క. ఎండిపోయిన తాటిచెట్టు ఒకటి ఉండేది, దాన్ని కూడా "డేంజర్" అని మేమే కొట్టించాం. దాని తొర్రలో ప్రతి ఏడూ పాలపిట్ట గూడు పెట్టేదట.

రెండు గంటల్లో నలభై ఏడు పేర్లు. "ఖాళీ" జాగాలో.

మనవాళ్లకి అర్థమయ్యే భాషలో చెబుతాను. మీ టీంలోకి కొత్తగా ఒక కుర్రాడు చేరాడనుకోండి. ఇరవై ఏళ్ల నాటి కోడు. కామెంట్లు లేవు, డాక్యుమెంటేషన్ లేదు, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. వాడు ఒక ఫైలు తెరిచి, "ఇదెవరూ వాడటం లేదు" అని డిలీట్ చేసి, దాని స్థానంలో తను నిన్న నేర్చుకున్న కొత్త లైబ్రరీ పెట్టాడు. కంపైల్ అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నెలాఖరున ఏదో బ్యాచ్ జాబ్ నడిచినప్పుడు ప్రొడక్షన్ పడిపోయింది. మనం వాణ్ణి ఏమంటాం? "కోడు ఏం చేస్తుందో తెలియకుండా ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అంటాం.

ఆఫీసులో మనందరికీ ఈ నీతి తెలుసు. శనివారం టీషర్టు వేసుకుని ఊరికి వెళ్లగానే మర్చిపోతాం. మా ఊరి గైరాన్‌లో నెలాఖరు బ్యాచ్ జాబ్ పేరు బతుకమ్మ.

అసలు ఈ "ఖాళీ" అనే మాట మనం కనిపెట్టింది కాదు లెండి. ప్రభుత్వం దగ్గర బంజరు భూముల అట్లాస్ అని ఒకటుంది. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఎన్.ఆర్.ఎస్.సి. వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో తయారు చేస్తారు. అందులో పొదలున్న భూమి కూడా బంజరు లెక్కలోకే వస్తుంది. నిలువెత్తు చెట్లుంటే అడవి, పంటుంటే పొలం. రెండూ కాకపోతే వృథా. ఈ లెక్క ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే కర్నూలు దిక్కు రోళ్లపాడు చూడాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఆ పిట్టకి కావలసింది పెద్ద చెట్లు కాదు, విశాలమైన గడ్డినేల. చుట్టూ గడ్డినేలలు పోయాయి, పిట్టా పోయింది. ఇవాళ దేశం మొత్తం మీద బట్టమేకలు రెండొందలు కూడా లేవు. అక్కడ వాటికి చెట్లు తక్కువై ఈ గతి పట్టలేదు. గడ్డిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

కామారెడ్డి, యెల్లారెడ్డి చుట్టుపక్కల యువత ఏదో చెయ్యాలని తపన పడుతున్నారు. అది నిజం, మంచిది. కానీ చేసే పని ఎప్పుడూ ఒకటే: ఏదో ఒకటి కొత్తగా పెట్టడం. మొక్క పెట్టడం, విత్తన బంతి విసరడం, బోర్డు పెట్టడం. నేననేదేంటంటే, జీవవైవిధ్యాన్ని కాపాడాలంటే మొదటి పని పెట్టడం కాదు, ఉన్నది రాసుకోవడం. ఏముందో తెలియకుండా దేన్నీ కాపాడలేం. కాపాడుతున్నామనుకుంటూ మాలాగా నాశనం చెయ్యగలం.

తమాషా ఏంటంటే, ఈ రాసుకునే పని చట్టంలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీ, ప్రతి మునిసిపాలిటీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేసుకోవాలి. ఆ కమిటీ ఊళ్లోవాళ్లని అడిగి, ఆ ఊరి చెట్టూ పుట్టా, పిట్టా పురుగూ, విత్తనాలు, నాటు పశువులు, ఏది దేనికి పనికొస్తుందన్న తెలివిడి, అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. దాని పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. మాధవ్ గాడ్గిల్ లాంటి శాస్త్రవేత్తలు 1990లలోనే ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇది. ఎంత గొప్ప ఆలోచనో చూడండి. ఊరికి ఒక రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు!

మరి ఏమైంది? మన ప్రాజెక్టుల్లో డాక్యుమెంటేషన్‌కి ఏమవుతుందో అదే అయింది. పదిహేనేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. కేసు పడితే జాతీయ హరిత ట్రిబ్యునల్ సీరియస్ అయింది. 2020 జనవరి 31 లోగా పూర్తి చెయ్యాలి, లేకపోతే ఆ తర్వాత నుంచి రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలి అంది. అంతే, దేశమంతా పరుగులు. అంతకు ముందు చాలా కొద్దిగా ఉన్న రిజిస్టర్లు ఇప్పుడు రెండున్నర లక్షలు దాటాయి. ఆడిట్ ముందు రాత్రి కూర్చుని రాసిన డాక్యుమెంట్లు మీరూ నేనూ చూశాం. పాత ప్రాజెక్టు ఫైలు తెరిచి పేరు మార్చి సేవ్ చెయ్యడం మనకి కొత్త కాదు. అన్ని రిజిస్టర్లూ అలాంటివే అనను. శ్రద్ధగా చేసినవీ ఉంటాయి. కానీ అంత తొందరలో రాసినదాంట్లో గొర్ల తాత చెప్పే నలభై ఏడు పేర్లు ఎన్ని ఊళ్లలో ఎక్కి ఉంటాయి?

నేను ఒక పంచాయతీ ఆఫీసుకి (ఏ ఊరో చెప్పను) వెళ్లి మీ రిజిస్టరు చూపిస్తారా అని అడిగాను. ఓటర్ల లిస్టు ఇచ్చారు. మర్యాదగా, టీ కూడా ఇచ్చి మరీ. అలాంటిదొకటి ఉండాలని అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్లని తప్పు పట్టను. ఇన్నేళ్లు అడిగినవాడు లేడు. అడగాల్సింది ఎవరు మరి? నేనే కదా. నేను జేసీబీ వాడికి ఫోన్ చేశాను గానీ ఆ ఆఫీసుకి వెళ్లలేదు.

ఒక కాగితం ఏం చేస్తుంది అని మీరు అడగొచ్చు. దానికి జవాబు మన ఆఫీసుల పక్కనే ఉంది. కంచ గచ్చిబౌలి.

2025 మార్చి 30, ఉగాది రోజు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. పొడుగాటి సెలవులు చూసుకుని మరీ. విద్యార్థులు అడ్డుపడ్డారు, కొందర్ని పోలీసులు పట్టుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ లోపే దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. ఇదంతా మీకు తెలుసు. చాలామంది స్టేటస్‌లు కూడా పెట్టారు. కానీ ఒక్క విషయం గమనించారా? ఆ వారం రోజులూ "అది ఖాళీ జాగా, పొదలు, అడవి కాదు" అన్న మాటకి ఎదురుగా నిలబడింది ఏంటి? ఏళ్ల తరబడి ఆ యూనివర్సిటీ విద్యార్థులు, పక్షులు చూసేవాళ్లు పొద్దున్నే లేచి రాసుకున్న జాబితాలు. రెండొందలకు పైగా పక్షి జాతులు, తేదీలతో సహా. ఆ జాబితాలు ఆ వారం పుట్టినవి కాదు. ఎవరూ చూడని రోజుల్లో, ఏ బ్యానరూ లేకుండా రాసినవి. జేసీబీ వచ్చిన రోజు రాద్దామంటే కుదరదు. ఆ రోజుకి రాసి ఉండాలి.

ఇప్పుడు చెప్పండి, యెల్లారెడ్డి మండలంలో ఒక గుట్ట మీదకో, కుంట మీదకో రేపు జేసీబీ వస్తే చూపించడానికి మన దగ్గర ఏముంది? వంద కిలోమీటర్ల అవతల మీడియా లేదు, యూనివర్సిటీ లేదు. ఉన్నది గొర్ల తాత బుర్ర. ఆయనకి డెబ్బై దాటాయి. బ్యాకప్ లేదు.

నన్ను నిజంగా భయపెట్టేది ఈ మాటే.

సరే, విమర్శించడం తేలిక, ఏం చెయ్యాలో చెప్పు అంటారు. నాకు తోచినవి రాస్తాను. ఇవేవీ గొప్పవి కావు, ఖర్చు అసలే లేదు.

ఒకటి. మీ ఊరి పంచాయతీలో రిజిస్టరు అడగండి. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలయ్యాయి, దాదాపు రెండేళ్ల తర్వాత ఊళ్లకి మళ్లీ సర్పంచులు వచ్చారు. వాళ్లలో కుర్రవాళ్లూ ఉన్నారు. ఇంతకంటే మంచి సమయం దొరకదు. రిజిస్టరు ఉంటే చదవండి. లేకపోతే, ఉండి కూడా తప్పుల తడకైతే, మేం రాసిస్తాం అనండి. కాలేజీల ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏటా ఊళ్లలో ఏడు రోజుల క్యాంపు పెడతారు. రోడ్లు ఊడ్చే బదులు ఆ ఏడు రోజులు ముసలివాళ్ల వెంట నడవొచ్చు.

రెండు. ఎవరిని అడగాలో తెలుసుకోండి. గొర్లు కాసేవాళ్లు, తునికాకు ఏరేవాళ్లు, చేపలు పట్టే బెస్తవాళ్లు, కల్లు గీసేవాళ్లు, అందరికంటే ముందు ఆడవాళ్లు. మన పక్కనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లున్నారు. అక్కడ పాత పంటల విత్తనాలు కాపాడింది చదువుకున్నవాళ్లు కాదు, బడి మొహం చూడని దళిత మహిళా రైతులు. ఏటా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజు కూడా వచ్చింది. "యువత నాయకత్వం" అంటే ముందు నడవడం అనుకుంటాం. ఈ పనిలో మాత్రం నోట్‌బుక్కు పట్టుకుని వెనకాల నడవడమే నాయకత్వం.

మూడు. గునుగు, తంగేడు. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వులు నర్సరీ నుంచి వచ్చేవి కావు. గట్ల మీద, చేలల్లో, బీళ్లలో వాటంతటవే వస్తాయి. ఇప్పుడు గట్లకి కూడా గడ్డి మందు కొడుతున్నాం, గునుగు పోతోంది. బజారులో కొనుక్కుంటున్నాం. ఊరికి ఒక్క గట్టు, ఒక్క బాట పక్కన మందు కొట్టొద్దని రైతుని ఒప్పించగలిగితే అదే ఒక ప్రాజెక్టు. తంగేడు 2014 నుంచి మన రాష్ట్ర పుష్పం. దాన్ని జేసీబీతో పీకి, ఆ చోట గుల్మొహర్ నాటిన ఘనత మాది.

నాలుగు. పాలపిట్ట. దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని కొన్నిచోట్ల పంజరంలో పెట్టుకొచ్చి పది, ఇరవై తీసుకుని చూపిస్తారు. రెక్కలు కట్టేసి మరీ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మనం డబ్బులిచ్చి దండం పెడతాం. ముప్పై వేల మందికి పైగా మామూలు జనం రాసిన లెక్కలతో 2023లో దేశంలోని పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. పాలపిట్ట గత పన్నెండేళ్లలో దాదాపు ముప్పై శాతం తగ్గిందని అందులో తేలింది. మన రాష్ట్ర పక్షి! ఈ దసరాకి డబ్బులివ్వకుండా, పిల్లలని తీసుకుని పొలం గట్టున కరెంటు తీగల మీద వెతకండి. కనిపిస్తే ఈబర్డ్‌లో రాయండి. కనిపించకపోయినా రాయండి. అదీ ఒక లెక్కే.

ఐదు. పోచారం. చలికాలం మన బైకులన్నీ అటే పోతాయి, నావి కూడా. బిర్యానీ పొట్లాలు, సీసాలు సరే. అక్కడికి అదే చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో బాతులు వస్తాయి, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఆ అభయారణ్యం 130 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, ఒకప్పుడు నిజాం వేట స్థలం. మనకి గంట ప్రయాణంలో ఉంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం పది మంది వెళ్లి లెక్కపెట్టి రాస్తే, పదేళ్లకి ఎవరి దగ్గరా లేని సమాచారం మన దగ్గరుంటుంది.

"అయితే చెట్లు నాటొద్దంటావా?" అని మా డాలస్ వాడే అడిగాడు. (పాపం అన్నిటికంటే ఎక్కువ డబ్బులు వేసింది వాడే.) నాటొద్దని కాదు. బడిలో నాటండి, ఇంటి ముందు, చెరువు కట్ట కింద, రోడ్డు పక్కన నీడ కోసం నాటండి. అక్కడున్నదేంటో తెలుసుకుని నాటండి. ఒకటి పీకి ఇంకోటి పెట్టడాన్ని నాటడం అనొద్దు.

ఇంకో అభ్యంతరం మా మామది. ఇది గట్టిది. "మీరు పట్నంల ఉండి జంతువులు, పిట్టలు అంటరు. రాత్రి అడవి పందులు మక్క చేన్లో పడితే కావలి ఎవలుంటరు? నువ్వుంటవా?" అన్నాడు. దీనికి నా దగ్గర తీయటి జవాబు లేదు. నిజమే, గుట్ట దగ్గర పొదలుంటే వాటిలో పందులూ ఉంటాయి. నష్టపోయేది ఆయన, ఫొటోలు తీసుకునేది నేను. కానీ ఈ గొడవ కూడా ఆ పుస్తకంలోకి ఎక్కాలంటాను. ఎక్కడ, ఏ నెలలో, ఎంత పంట పోయిందో తేదీ వేసి రాసి ఉంటే, నష్టపరిహారం అడిగేటప్పుడు ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. పిట్టల్ని రాసి పందుల్ని రాయకపోతే అది రిజిస్టరు కాదు, గ్రీటింగ్ కార్డు. మామ పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే, రాయి సూద్దాం" అన్నాడు. అంతవరకే.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో చెప్పి ముగిస్తాను. పదకొండు మందిలో ఐదుగురం మిగిలాం. మిగతావాళ్లకి ఫొటోలు లేని పని నచ్చలేదు, తప్పేం లేదు. నెలకొకసారి, రెండో శనివారం, ఎవరో ఒకరు ఊరికి వెళ్తారు. ఊళ్లో డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి చేరారు. నిజానికి పని ఇప్పుడు వాళ్లదే, మేం ఫైలు సరిచెయ్యడానికే పనికొస్తాం. తాత చెప్పిన నలభై ఏడు ఇప్పుడు నూట పన్నెండయ్యాయి. ఒక్కోదానికి ఊళ్లో పేరు, ఫొటో, ఎక్కడ, ఏ నెల, ఎవరు చెప్పారు. ఆ అమ్మాయిల్లో ఒకరు మొదటి రోజే నేను రాసిన వాటిల్లో మూడు పేర్లు తప్పని పట్టుకుంది :) సంవత్సరం తిరిగాక ప్రింటు తీసి పంచాయతీలో ఇస్తాం. తీసుకుంటారో లేదో చూడాలి. తీసుకోకపోతే మళ్లీ ఇస్తాం.

గుట్ట కింద మూడెకరాల్లో మేం ఏమీ నాటడం లేదు. బతికిన ముప్పై ఒక్కటిని అలాగే వదిలేశాం. మిగతాది ముట్టుకోకుండా ఉంచమని ఊళ్లో అడిగాం. మొన్న సంక్రాంతికి వెళ్తే, మా గుంతల గట్ల మీద అక్కడక్కడా తంగేడు మొలకలు కనిపించాయి. మేం పెట్టినవి కావు. పక్క పొదల నుంచి గింజలు పడి లేచినట్టున్నాయి. అత్తమ్మకి ఫోన్లో ఫొటో చూపించాను.

కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "పువ్వు పుయ్యడానికి ఇంకా రెండేండ్లన్న పడతది" అంది. "అప్పటిదాక మళ్ల ఏం పెట్టకుండ్రి."